నిషేధిత సంస్థ అంటే ఏ జాబితాలో ఉన్నట్టు?

ప్రశ్నను కాస్త కుదించి రాస్తున్నాను. ఉగ్రవాద సంస్థలను ప్రభుత్వం ఎలా నిషేధిస్తుంది? నిషేధం పడ్డాక పేరు మార్చుకుని మళ్లీ వస్తే చట్టం ఏం చేయగలదు? ఐక్యరాజ్యసమితి జాబితా, అమెరికా జాబితా అంటుంటారు, వాటితో మనకేం సంబంధం? నిషేధానికి ముందు అందులో సభ్యుడిగా ఉన్నవాడి, చందా ఇచ్చినవాడి పరిస్థితి ఏంటి?

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. ఉపా కేసులు, ఖాతాల స్తంభన వ్యవహారాలు చాలాకాలంగా చూస్తున్నాను. పేపర్లలో 'నిషేధిత సంస్థ' అని ఒకే మాట రాసేస్తారు గానీ, మన దేశంలో నిషేధానికి ఒక దారి లేదు, కనీసం మూడున్నాయి. సాక్ష్యాలను ఎవరు చూస్తారు, నిషేధం ఎన్నాళ్లుంటుంది, సభ్యుడికి శిక్షెంత, బయటపడే మార్గమేంటి అన్నవన్నీ ఆ సంస్థ ఏ జాబితాలో ఉందో దాన్నిబట్టి మారిపోతాయి. అది తేల్చుకోకుండా టీవీ చర్చల్లో గంటలు గంటలు వాదించుకోవడం చూస్తే నాకు విసుగొస్తుంది.

ముందు పాత దారి. 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అదే ఉపా, 3వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఒక సంస్థను 'చట్టవ్యతిరేక సంఘం'గా ప్రకటించవచ్చు. గెజిట్‌లో కారణాలు రాయాలి. 30 రోజుల్లోగా ఆ నోటిఫికేషన్‌ను హైకోర్టు న్యాయమూర్తి ఉండే ట్రిబ్యునల్‌కు పంపాలి. నోటిఫికేషన్ వెలువడిన 6 నెలల్లోగా ట్రిబ్యునల్ దాన్ని ఖాయం చేయాలి లేదా కొట్టేయాలి. ఖాయమైతే నిషేధం 5 ఏళ్లు నడుస్తుంది. అంతకుముందు ఇది రెండేళ్లే ఉండేది, 2013 నుంచి అయిదయింది.

ఈ ట్రిబ్యునల్ ఊరికే వచ్చింది కాదు. 1950లో మద్రాసు ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంస్థను నిషేధించింది. దాని ప్రధాన కార్యదర్శి వి.జి. రో కోర్టుకెక్కాడు. 1952లో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. సంఘం పెట్టుకునే హక్కును తీసేయడానికి ప్రభుత్వం తనకు తాను 'నాకు నమ్మకం కలిగింది' అనుకుంటే చాలదనీ, న్యాయపరమైన విచారణ ఉండాలనీ చెప్పింది. 1967 చట్టంలో ట్రిబ్యునల్ పెట్టడానికి మూలం ఆ తీర్పే.

ట్రిబ్యునల్ అంటే రబ్బరు స్టాంపేనా అని అడుగుతారు. పూర్తిగా కాదు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ఆర్‌ఎస్‌ఎస్, వీహెచ్‌పీ, బజరంగ్ దళ్, జమాతే ఇస్లామీ హింద్ తదితర సంస్థలను నిషేధించారు. 1993 జూన్‌లో ట్రిబ్యునల్ ఆర్‌ఎస్‌ఎస్, బజరంగ్ దళ్‌ల మీద నిషేధాన్ని కొట్టేసి, వీహెచ్‌పీ మీద ఉంచింది. జమాత్ మీద నిషేధం ట్రిబ్యునల్‌లో నిలిచినా 1994 డిసెంబరులో సుప్రీంకోర్టులో నిలవలేదు. రహస్య సమాచారం ఉందని ప్రభుత్వం అంటే సరిపోదు, అది నమ్మదగిందో కాదో ట్రిబ్యునల్ తనంతట తాను తేల్చాలని ఆ తీర్పు చెప్పింది. 2008 ఆగస్టులో సిమి అనే ముస్లిం విద్యార్థి సంస్థ విషయంలోనూ ట్రిబ్యునల్ నిషేధానికి ఒప్పుకోలేదు. మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2001లో మొదలైన ఆ నిషేధాన్ని చివరిసారి 2024 జనవరిలో మరో అయిదేళ్లు పొడిగించారు. కాబట్టి తలుపు ఉంది గానీ, అందులోంచి బయటికి నడిచినవాళ్లు తక్కువ. 2022 సెప్టెంబరులో పీఎఫ్‌ఐని (పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా), దాని అనుబంధ సంస్థలు ఎనిమిదింటిని ఈ దారిలోనే నిషేధించారు. 2023 మార్చిలో ట్రిబ్యునల్ ఖాయం చేసింది.

ట్రిబ్యునల్ ముందు ఇంకో చిక్కుంది. బయటివాళ్లకు ఇది కనిపించదు. నోటీసు సంస్థ పేరు మీద వస్తుంది. ఆఫీసుకు సీలు వేసి ఉంటుంది, నోటీసు ఆ తలుపుకే అంటిస్తారు. సంస్థ తరఫున వెళ్లి మాట్లాడేదెవరు? 'నేను కార్యదర్శిని' అంటే 10వ సెక్షన్ కింద సభ్యత్వ నేరం ఒప్పుకున్నట్టే, రెండేళ్ల వరకు జైలు. అందుకే వచ్చేవాళ్లు 'మాజీ సభ్యుడిని' అనో 'మాజీ కార్యదర్శిని' అనో వస్తారు. వకాలతు మీద ఆ ఒక్క మాట ఎలా రాయాలన్న దగ్గరే మాకు సగం పూట పోతుంది. అవతల ప్రభుత్వం తరఫున జిల్లాల నుంచి దర్యాప్తు అధికారులు వరసగా వచ్చి ఎఫ్‌ఐఆర్‌లు దాఖలు చేస్తారు. కొంత సమాచారం సీల్డ్ కవర్లో న్యాయమూర్తికే వెళ్తుంది.

సంస్థ వాడిన స్థలాల విషయంలో 8వ సెక్షన్ చదివితే ఆశ్చర్యమేస్తుంది. జిల్లా మెజిస్ట్రేట్ గానీ ఆయన పంపిన అధికారి గానీ ఇద్దరు పెద్దమనుషుల సాక్షిగా అక్కడి సామాను జాబితా రాయాలి. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, చేతివృత్తి పనిముట్లు, వ్యవసాయ పరికరాలు, పశువులు, ధాన్యం మాత్రం అందులో రాయకూడదు. కంప్యూటర్లు, సర్వర్లు, డిజిటల్ ఖాతాల కాలంలో ఇంకా గొడ్డూ గోదా మినహాయింపే నడుస్తోంది.

ఇక రెండో దారి. ఉగ్రవాద సంస్థ అని మనం మామూలుగా అనేది దీన్నే. 2004లో అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం పోటాను రద్దు చేసినప్పుడు అందులో ఉన్న సంస్థల జాబితాను ఉపా చట్టానికి షెడ్యూల్‌గా, అంటే చివర జోడించే పట్టికగా తగిలించారు. ఇప్పుడు దాన్ని మొదటి షెడ్యూల్ అంటారు. లష్కరే తోయిబా, జైషే మహమ్మద్, బబ్బర్ ఖాల్సా, ఎల్‌టీటీఈ, ఉల్ఫా, దీన్‌దార్ అంజుమన్, మావోయిస్టు పార్టీ, ఐసిస్ ఇలా 40కి పైగా పేర్లున్నాయి. 35వ సెక్షన్ ప్రకారం ఆ సంస్థ ఉగ్రవాదంలో పాలుపంచుకుంటోందని కేంద్రం నమ్మితే చాలు, పేరు చేర్చవచ్చు. ట్రిబ్యునల్ లేదు. గడువూ లేదు. అయిదేళ్లకోసారి మళ్లీ రుజువు చేయాల్సిన పని లేదు. పేరు తీసేయమని ముందు కేంద్రానికే దరఖాస్తు పెట్టుకోవాలి, కాదంటే సమీక్షా కమిటీకి వెళ్లాలి. దానికి హైకోర్టు సిట్టింగ్ లేదా మాజీ న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు.

నాకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. తక్కువ శిక్ష ఉన్న జాబితాకేమో ఆరు నెలల్లో న్యాయమూర్తి పరిశీలన తప్పనిసరి. పదేళ్ల శిక్ష, చందాలు సేకరిస్తే 14 ఏళ్ల శిక్ష ఉన్న జాబితాకేమో సంస్థవాళ్లే వచ్చి తలుపు తట్టాలి. అజ్ఞాతంలో ఉన్న సాయుధ సంస్థ ఎలాగూ రాదు, అది వేరే సంగతి. కానీ చట్టం రాసేటప్పుడు లష్కరేను మాత్రమే మనసులో పెట్టుకుంటే ఎలా? కొన్ని సంస్థలు రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. ఎల్‌టీటీఈ అలాంటిదే. 2009లో ప్రభాకరన్ చనిపోయి, శ్రీలంకలో యుద్ధం ముగిసినా 2024 మేలో దాని మీద నిషేధాన్ని మళ్లీ అయిదేళ్లు పొడిగించారు.

2019 సవరణతో వ్యక్తులను కూడా ఉగ్రవాదిగా ప్రకటించే నాలుగో షెడ్యూల్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 4న మసూద్ అజర్, హఫీజ్ సయీద్, జకీవుర్ రెహ్మాన్ లఖ్వీ, దావూద్ ఇబ్రహీం పేర్లు మొదటగా ఎక్కాయి. దీనికీ కోర్టు శిక్ష అక్కర్లేదు.

మూడో దారి రాష్ట్రాలది. ఇది మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథ. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం తెచ్చి పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. ఈ చట్టం కింద నిషేధం ఏడాదికోసారి పొడిగించుకుంటూ పోవాలి. ట్రిబ్యునల్‌కు బదులు సలహా మండలి ఉంటుంది. 2004 జులైలో వైఎస్ ప్రభుత్వం పొడిగించకుండా వదిలేసింది. అక్టోబరులో హైదరాబాద్ మంజీరా అతిథి గృహంలో చర్చలు జరిగాయి. అందరూ మరిచిపోయే విషయం ఒకటుంది. రాష్ట్ర నిషేధం లేకపోయినా, అదే సమయంలో పీపుల్స్‌వార్ కేంద్ర షెడ్యూల్లో ఉంది, 2001 డిసెంబరు నుంచీ ఉంది. అంటే ప్రభుత్వ అతిథులుగా కూర్చున్నవాళ్ల సంస్థ కేంద్ర చట్టం లెక్కలో ఉగ్రవాద సంస్థే. చట్టం ఒకటి చెబుతుంది, రాజకీయం తనకు కావలసినంత వెసులుబాటు చేసుకుంటుంది. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్య జరిగింది. రెండు రోజులకే రాష్ట్ర నిషేధం తిరిగొచ్చింది.

అప్పుడు విరసాన్ని (విప్లవ రచయితల సంఘం) కూడా కలిపి నిషేధించారు. అదే ఏడాది నవంబరులో సలహా మండలి ఆ నిషేధానికి ఆధారం లేదంది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం 16 సంఘాలను మావోయిస్టు అనుబంధ సంఘాలంటూ జీవో ఇచ్చి, కొద్ది నెలలకే రద్దు చేసుకుంది. సాయుధ సంస్థ విషయంలో సాక్ష్యం కరువేమీ ఉండదు. 'అనుబంధం' అన్న మాట దగ్గరే ప్రభుత్వాలు తడబడతాయి.

పేరు మార్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. షెడ్యూల్లో చాలా పేర్ల పక్కన 'దాని అన్ని విభాగాలు, అనుబంధ సంస్థలు' అని ఉంటుంది. 2004 సెప్టెంబరులో పీపుల్స్‌వార్, ఎంసీసీ (మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్) కలిసి మావోయిస్టు పార్టీ అయ్యాయి. ఆ రెండు పాత పేర్లూ షెడ్యూల్లో ఉన్నాయి గానీ కొత్త పేరు లేదు. కోర్టుల్లో 'ఈ పేరు ఏ జాబితాలో ఉంది చూపించండి' అనే వాదనకు చోటు మిగిలింది. 2009 జూన్ 22న కొత్త పేరును కూడా కేంద్రం విడిగా చేర్చాక సందేహం పోయింది. ద రెసిస్టెన్స్ ఫ్రంట్ కథా ఇలాంటిదే. 2019లో కశ్మీర్‌లో ఆ పేరు వినిపించడం మొదలైంది. 2023 జనవరిలో కేంద్రం దాన్ని లష్కరే ముసుగు సంస్థగా చెప్పి షెడ్యూల్లో పెట్టింది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపిన దాడి తర్వాత, జులైలో అమెరికా దాన్ని లష్కరేకు మారుపేరుగానే తన జాబితాలో చేర్చింది. కాబట్టి పేరు మార్పు సంస్థకు కొంత వ్యవధి సంపాదించి పెడుతుంది, రక్షణ మాత్రం ఇవ్వదు. పాత సంస్థకూ కొత్త దానికీ ఉన్న లంకెను, అంటే అదే నాయకత్వం, అదే డబ్బు, అదే ఆయుధాల సరఫరా అని చూపించాల్సిన బరువు ప్రభుత్వానిదే.

ఐక్యరాజ్యసమితి విషయానికొస్తే, భద్రతా మండలి 1999లో 1267వ తీర్మానంతో ఆంక్షల జాబితా మొదలుపెట్టింది. అప్పట్లో తాలిబాన్ మీద, తర్వాత అల్ ఖైదా మీద, 2015 నుంచి ఐసిస్ మీద కూడా. ఈ జాబితాలో పేరు పడితే మూడు జరగాలి. ఆస్తుల స్తంభన, ప్రయాణ నిషేధం, ఆయుధాల నిషేధం. అరెస్టు చేసి తీరాలని అందులో లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. హఫీజ్ సయీద్ పేరు ముంబయి దాడుల తర్వాత 2008 డిసెంబరు 10న ఎక్కింది, అయినా ఏళ్ల తరబడి పాకిస్తాన్‌లో బహిరంగ సభల్లో మాట్లాడుతూనే ఉన్నాడు. 2019లో అయితే పాకిస్తాన్ కోరిక మీద, అతని స్తంభించిన ఖాతాలోంచి కుటుంబ ఖర్చులకు నెలకు 1,50,000 పాకిస్తానీ రూపాయలు తీసుకునేందుకు ఆంక్షల కమిటీయే ఒప్పుకుంది. కనీస జీవనానికి మినహాయింపు నిబంధనల్లోనే ఉంది మరి.

ఆ కమిటీలో 15 మంది సభ్యదేశాలూ ఒప్పుకుంటేనే పేరు ఎక్కుతుంది. ఒక్కరు అడ్డుచెప్పినా ఆగిపోతుంది. జైషే మహమ్మద్ 2001 అక్టోబరులోనే ఎక్కింది. దాన్ని స్థాపించిన మసూద్ అజర్ పేరు ఎక్కడానికి 2019 మే 1 దాకా పట్టింది, చైనా అడ్డుపడుతూ వచ్చింది కాబట్టి. సంస్థ ఉగ్రవాద సంస్థ, నాయకుడు మాత్రం కాదన్నట్టు ఇన్నేళ్లు నడిచింది.

పేరు పడినవాడి వైపు నుంచి కూడా చూడాలి. యాసిన్ కాదీ అనే సౌదీ వ్యాపారి ఆస్తులను 2001లో స్తంభింపజేశారు, ఆరోపణలేంటో అతనికి చెప్పలేదు. 2008లో యూరప్ న్యాయస్థానం, సమితి జాబితా అయినా సరే మనిషికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందేనంది. మర్నాటి ఏడాదే భద్రతా మండలి ఫిర్యాదులు పరిశీలించే అంబుడ్స్‌పర్సన్‌ను నియమించాలని తీర్మానించింది. 2012లో కాదీ పేరు తీసేశారు.

అమెరికా జాబితా ఆ దేశపు సొంత వ్యవహారం, మన కోర్టుల్లో దానికి విలువ లేదు. కానీ డాలర్లలో నడిచే ఏ లావాదేవీ అయినా అమెరికా బ్యాంకుల మీదుగా పోతుంది కాబట్టి, ఆచరణలో మన బ్యాంకులూ దాన్ని చూస్తాయి. ఆ జాబితాలో రాజకీయం ఎంత ఉందో దాచాల్సిన పని లేదు. అఫ్గాన్ తాలిబాన్‌తో రెండు దశాబ్దాలు యుద్ధం చేసినా అమెరికా దాన్ని తన విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టలేదు, వేరే ఆంక్షల జాబితాతో సరిపెట్టింది. సిరియాలో హెచ్‌టీఎస్ అనే సాయుధ సంస్థ నాయకుడి తలకు 1 కోటి డాలర్ల వెల కట్టి, అతను అధికారంలోకి వచ్చాక ఆ వెల ఎత్తేసి, 2025 జులైలో సంస్థ పేరు కూడా తీసేసింది. మన ప్రభుత్వమూ ఇందుకు అతీతం కాదు. హమాస్‌ను అమెరికా, యూరప్ ఉగ్రవాద సంస్థ అన్నా మన షెడ్యూల్లో అది లేదు, సమితి జాబితాలోనూ లేదు.

మరి వీటన్నిటివల్ల ఉపయోగం ఉందా? నా అనుభవంలో పనిచేసేది డబ్బు దారి మూసేసిన చోట. ఉగ్రవాద నిధులు, నల్లధనం మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2018 జూన్‌లో పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే నిఘా పెంచిన దేశాల జాబితాలో పెట్టింది. పదకొండేళ్లు సమితి జాబితా చేయలేని పనిని ఆ ఒత్తిడి చేసింది. 2020 ఫిబ్రవరిలో ఉగ్రవాదానికి నిధుల కేసులో హఫీజ్ సయీద్‌కు అక్కడి కోర్టే జైలుశిక్ష వేసింది. 2022 అక్టోబరులో గ్రే లిస్టు నుంచి పాకిస్తాన్ బయటపడింది.

మన దగ్గర ఆ పని ఉపా 51ఏ సెక్షన్ కింద జరుగుతుంది. జాబితాలో మార్పు వచ్చినప్పుడల్లా రిజర్వు బ్యాంకు దాన్ని బ్యాంకులకు పంపుతుంది, బ్యాంకులు ఖాతాదారుల పేర్లతో సరిచూస్తాయి, సరిపోతే 24 గంటల్లోగా కేంద్ర హోంశాఖ నోడల్ అధికారికి చెప్పాలి. వినడానికి బాగానే ఉంది. సమితి జాబితాలో ఒక్కో మనిషికి అరడజను మారుపేర్లుంటాయి, వాటిని నమ్మదగినవి, అంతగా నమ్మలేనివి అని రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లిషులో ఒకే పేరును నాలుగు రకాల స్పెల్లింగులతో రాయొచ్చు. నా క్లయింట్ ఒకాయన ట్రావెల్స్ నడిపేవాడు. పాన్ కార్డులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. పాస్‌పోర్టులో తిరగేసి ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన సొమ్ము బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో చిక్కుకుంది, కారణం బ్రాంచిలో ఎవరూ చెప్పరు. చెప్పకూడదని వాళ్ల భయం. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు పక్కపక్కన పెట్టి రాతపూర్వకంగా ఇచ్చాక తేలిపోయింది. ఖాతా నిజంగానే స్తంభించి ఉంటే మాత్రం బ్యాంకులో అరిచి లాభం లేదు. 'ఆ వ్యక్తిని నేను కాదు' అని ఆధారాలతో దరఖాస్తు బ్యాంకుకే ఇవ్వాలి, బ్యాంకు దాన్ని నోడల్ అధికారికి పంపాలి. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోకుండా బయటికి రావద్దు.

చివరి ప్రశ్న, పాత సభ్యులు, చందాదారుల సంగతి. మొదటి షెడ్యూల్లోని సంస్థ విషయంలో 38వ సెక్షన్‌లోనే రక్షణ ఉంది. చేరేనాటికి ఆ సంస్థ ఉగ్రవాద సంస్థగా ప్రకటించి లేదు, ప్రకటించాక దాని కార్యకలాపాల్లో పాల్గొనలేదు అని రెండూ చూపించగలిగితే ఆ నేరం వర్తించదు. అయితే నిరూపించుకోవాల్సింది నిందితుడే. 2011లో సుప్రీంకోర్టు కేవలం సభ్యత్వం నేరం కాదంది. 2023 మార్చి 24న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, చట్టవ్యతిరేక సంఘంలో నిషేధం తర్వాత కూడా సభ్యుడిగా కొనసాగడమే నేరమంది. పుస్తకాలు, కరపత్రాలు దొరికినంత మాత్రాన మాత్రం సరిపోదు. 2021లో కేరళకు చెందిన ఇద్దరు విద్యార్థుల కేసులో, ఆ సంస్థ కార్యకలాపాలను ముందుకు తీసుకెళ్లే ఉద్దేశం కనిపించాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బెయిల్ సంగతి వేరు. 43డీ(5) కింద ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ కష్టం. చివరికి నిర్దోషిగా తేలినా అప్పటిదాకా జైల్లో గడిచే ఏళ్లే అసలు టెన్షన్.

కాబట్టి నిషేధం పడిన రోజున పాత సభ్యుడు చేయాల్సినవి చెబుతాను. రాజీనామాను తేదీతో రాతపూర్వకంగా పెట్టుకోండి, సంస్థ వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి రండి, నెలనెలా ఆటోమేటిక్‌గా వెళ్లే చందా ఉంటే అదే రోజు బ్యాంకులో ఆపించండి. నిషేధానికి ముందు ఇచ్చిన చందా రసీదులు చింపేయొద్దు, ఫోను ఫార్మాట్ చేయొద్దు. ఆ తేదీలే రేపు మీ తరఫున మాట్లాడతాయి. విచారణకు రమ్మంటే లాయరుతో మాట్లాడాకే వెళ్లండి, వెళ్లేముందు ఆ సంస్థ పేరు ఏ నోటిఫికేషన్ కింద, ఏ తేదీన, ఏ జాబితాలోకి ఎక్కిందో కాగితం మీద రాసుకెళ్లండి. హోంశాఖ వెబ్‌సైట్లో చట్టవ్యతిరేక సంఘాల జాబితా వేరు, ఉగ్రవాద సంస్థల జాబితా వేరు, రెండూ తెరిచి చూడండి. రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం కింద నిషేధమైతే ఆ రెండింట్లోనూ కనపడకపోవచ్చు, దానికి రాష్ట్ర గెజిట్ వెతకాలి.